కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, టిన్ను నీళ్లు: ఏవి తాగాలో తేల్చుకోవడం ఎలా

చిన్న పట్టణంలో చాలా ఇళ్లకు మూడు రకాల నీళ్లు వస్తాయి. మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు, అదీ ఓ గంటసేపు. వాడకానికి బోరు. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను. ఈ మూడింటిలో ఏవి మంచివని అడిగితే నాలుక చెప్పిందే జవాబు: ఉప్పగా ఉంటే చెడ్డవి, తియ్యగా ఉంటే మంచినీళ్లు. కానీ ఒంటికి నిజంగా చేటు చేసే ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు, సీసానికి, విరేచనాలు పట్టించే బ్యాక్టీరియాకు రుచీ లేదు, వాసనా లేదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో తేటగా, తాగడానికి ఇంపుగా ఉన్న నీళ్లే తరాల తరబడి పిల్లలకు గార పళ్లు, పెద్దలకు వంగిన నడుములు తెచ్చాయి. ఆ ప్రాంతం అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఆ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకు, ఎముకలకు వచ్చే ఈ జబ్బు) గురించి వైద్యులు పత్రికల్లో రాశారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు కథా ఇదే.

అందుకే ఫిల్టరు కొనాలా, టిన్ను మార్చాలా, కాచుకుని తాగితే చాలా అన్నది చివర తేల్చుకోవాల్సిన విషయం. నీళ్లలో ఏముంది, అది ఎక్కడ కలుస్తోంది అన్నది ముందు తెలియాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఓ వారం ఓపిక పట్టాలి, అంతే.

ముందు నీళ్లు వచ్చే దారి రాసుకోండి

ఒక కాగితం తీసుకుని మీ గ్లాసులోకి నీళ్లు వచ్చే దారంతా వెనక్కి రాయండి. గ్లాసు, వంటింటి కుళాయి, మేడమీద ట్యాంకు, సంపు, వీధి పైపు, ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు, నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్లు, నీళ్లు నిల్వ చేసే వేసవి చెరువు, దానికి నీళ్లిచ్చే కాలువో నదో. తెలియని చోట వార్డు కార్యాలయంలోని సిబ్బందిని గానీ వాల్వు తిప్పే మనిషిని గానీ అడగండి. వాల్వు తిప్పే మనిషికి తెలిసినన్ని సంగతులు ఊళ్లో ఇంకెవరికీ తెలియవు: ఏ వీధి పైపు ఎప్పటిది, ఎక్కడ ఎన్నిసార్లు అతుకులు వేశారు, ఏ మలుపులో పైపు మురుగు కాలువలోంచి పోతోంది, అన్నీ.

ఈ దారిలో ఎక్కువ ప్రమాదం ఉన్నది చెరువు దగ్గర కాదు, వీధిలో. నీళ్లు రోజంతా వస్తే పైపులో ఒత్తిడి నిలబడుతుంది. పైపుకు పగులు ఉన్నా నీళ్లు బయటికి కారతాయే గానీ మురుగు లోపలికి రాదు. గంటసేపు వదిలి కట్టేస్తే పైపు ఖాళీ అవుతుంది. ఆ పగులు మురుగు కాలువలో మునిగి ఉంటే, ఖాళీ పైపు ఆ మురుగును లోపలికి లాక్కుంటుంది. మరుసటిసారి నీళ్లు వదలగానే అదంతా మొదట పట్టుకున్న బిందెల్లోకి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మోటారు పైపులోని నీళ్లతోపాటు చుట్టుపక్కల మురుగునూ పీలుస్తుంది. మీ ఇంట్లో అలాంటి మోటారు ఉంటే దయచేసి తీసేయండి. సంపులోకి నీళ్లు వాటంతట అవి పడనిచ్చి, సంపులోంచి మోటారుతో ఎక్కించుకోండి. మోటారు బిగించిన ఇంటి నీళ్లతోపాటు ఆ వీధి నీళ్లన్నీ చెడతాయి.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగునీటిలో మురుగు కలిసి జనం అతిసారం పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. అంత పెద్ద నగరంలోనే అలా జరిగింది. పైపులూ కాలువలూ పక్కపక్కనే పోయే చిన్న పట్టణంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మొదటి బిందె గమనించండి

నీళ్లు వదిలిన వెంటనే తెల్లటి గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. పది నిమిషాలాగి ఇంకో గ్లాసు పట్టండి. మొదటి దాంట్లో మడ్డి, నలుపు, మురుగు వాసన ఉండి రెండోది తేరుకుంటే మురుగు కలుస్తున్నది వీధి పైపులోనే అనుకోవాలి. రెండూ ఒకేలా మడ్డిగా ఉంటే ఊరి ట్యాంకు దగ్గరో ఫిల్టర్ బెడ్ల దగ్గరో సరిగా శుద్ధి కావడం లేదు. పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపయ్యాక ఎర్రబడితే ఇనుము. సబ్బు నురగ రాక, పప్పు ఉడకక, గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడితే కాఠిన్యం. ఇవన్నీ సూచనలు మాత్రమే. గ్లాసు తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివని అనుకోకండి.

క్లోరిన్ ఉందా?

ఇది ఇంట్లోనే చేసుకోగల పరీక్ష. ఊరి నీటి వ్యవస్థ గురించి ఇంత తక్కువ ఖర్చులో ఇంత చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు. క్లోరిన్ చూసే చిన్న కిట్లు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో, ఆక్వా మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, చెప్పినన్ని మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. ఒక రకం మందుకు పసుపు రంగు వస్తుంది, ఇంకో రకానికి గులాబీ రంగు. మందు కలిపిన నీళ్లు తాగకూడదు, చేతికి అంటితే కడుక్కోవాలి.

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర కలిపిన క్లోరిన్ దారిలో మురికిని చంపుతూ ఖర్చవుతుంది. మీ ఇంటి దాకా కొంచెం మిగిలి వచ్చిందంటే దారంతా కాపలా ఉన్నట్టే. రంగు అసలు రాకపోతే రెండే అర్థాలు: క్లోరిన్ వేయనైనా లేదు, లేదా వేసిందంతా పైపులో ఏదో మురికి తినేసింది. ఎక్కడ పోతోందో తెలియాలంటే ఒకే రోజు ట్యాంకు దగ్గరి ఇంట్లో, వీధి మధ్యలో, పైపు లైనులో ఆఖరి ఇంట్లో చూడండి. ఆఖరి ఇంటి లెక్కే అసలు లెక్క. నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోందని మున్సిపాలిటీ మీద కేకలు వేసేవాళ్లు చాలామంది ఉంటారు. కొద్దిపాటి వాసన ఉందంటే సంతోషించాలి. మూత పెట్టిన బిందెలో కాసేపు ఉంచితే ఆ వాసన తగ్గిపోతుంది.

ల్యాబ్‌కు నీళ్లు ఎలా పట్టాలి

రసాయనాలు, బ్యాక్టీరియా రెండూ పరీక్షించాలి. రెంటికీ నీళ్లు పట్టే పద్ధతి వేరు. చాలామంది పాత కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్లి ఇచ్చేస్తారు. ఆ రిపోర్టు నమ్మడానికి వీల్లేదు.

రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా చాలు. పరీక్షించే నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టి, గట్టిగా మూత పెట్టండి. బోరు అయితే మోటారు వేసిన పది నిమిషాలకు పట్టాలి. పైపులో నిలవున్న నీళ్లు బోరు సంగతి చెప్పవు.

బ్యాక్టీరియా పరీక్షకు సీసా ల్యాబ్ వాళ్ల దగ్గరే తీసుకోండి. క్లోరిన్ ఉన్న నీళ్లయితే ఆ సంగతి ముందే చెప్పండి. క్లోరిన్‌ను విరిచే మందు వేసిన సీసా ఇస్తారు. ఆ మందు లేకపోతే దారిలో సీసాలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేసి, చెడ్డ నీళ్లు మంచివిగా కనిపిస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, సీసా మూతి లోపల వేలు తగలకుండా పట్టండి. పైన కొంచెం ఖాళీ ఉంచాలి. ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. అందుకే ఏ వేళకు తీసుకుంటారో, ఏ రోజు సెలవో ముందుగా కనుక్కుని బయల్దేరాలి.

ఒకే రోజు రెండు చోట్ల పట్టండి: వీధి నుంచి నేరుగా వచ్చే కుళాయి దగ్గర ఒకటి, వంటింట్లో తాగేచోట ఒకటి. మొదటిది బాగుండి రెండోది చెడితే మురికి మీ సంపులోనో ట్యాంకులోనో ఉంది. మున్సిపాలిటీని తిట్టి లాభం లేదు. రెండూ చెడితే ఊరు కదలాల్సిన విషయం. సీసా మీద తేదీ, సమయం, చోటు, కుళాయా బోరా అన్నది రాయడం మరవకండి.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు జిల్లా, డివిజన్ కేంద్రాల్లో ఉన్నాయి. పల్లె ఇళ్లకు కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ వచ్చాక వాటిలో మామూలు జనం కూడా తక్కువ రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. పట్టణమైతే మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగాన్ని అడగండి. పట్టణం అంచున పంచాయతీలో ఉన్నవాళ్లు, ఆ పథకం కింద శిక్షణ పొందిన మహిళల దగ్గరుండే పరీక్ష కిట్టుతో మొదటి అంచనా వేసుకోవచ్చు. బ్యాక్టీరియాకు నల్లబడే సీసా కూడా దొరుకుతుంది. గీత వరకు నీళ్లు నింపి వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే నీళ్లలో మలం కలిసిందని గట్టిగా అనుమానించాలి.

రిపోర్టు చదవడం

మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. రిపోర్టులో చాలావాటికి ఎదురుగా రెండు అంకెలుంటాయి. ఇక్కడే అందరూ పొరబడతారు. మొదటి అంకె అసలు హద్దు. రెండోది వేరే నీళ్లు దొరికే దారి లేనప్పుడు మాత్రమే సర్దుకోగలిగిన గరిష్ఠ హద్దు. రెండో అంకెకు లోపే ఉందని ల్యాబ్‌లో ‘పర్లేదు’ అంటే, పక్కనే మంచి కుళాయి ఉన్నవాళ్లకు ఆ మాట వర్తించదు.

ముందుగా చూడాల్సింది ఈ.కోలి, అంటే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. దీనికి రెండో అంకె లేదు. ఉందంటే మలం కలుస్తోంది. ఆ రోజు నుంచే కాచుకుని తాగాలి.

తర్వాత ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము, సర్దుబాటు హద్దు 1.5. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే 1 దాటగానే జాగ్రత్త పడండి, వాళ్ల శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసది. తర్వాత ఎంత తోమినా ఆ మరకలు పోవు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో చాలా ఇళ్లు టిన్ను నీళ్లు తాగుతూ బోరు నీళ్లతో వంట చేస్తుంటాయి. అన్నం, పప్పు, టీ కూడా ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. పైగా మరిగేకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. కాబట్టి తాగే నీళ్లతోనే వంట కూడా చేయాలి. డబ్బు సరిపోకపోతే కనీసం పసిపిల్లల పాలు, అన్నం, పప్పు ఆ నీళ్లతో వండండి.

నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దీనికీ సర్దుబాటు లేదు. ఎరువుల పొలాల పక్కన, సెప్టిక్ ట్యాంకుల మధ్య వేసిన బోర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆరు నెలల లోపు పసివాళ్లకు డబ్బా పాలు ఈ నీళ్లతో కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలబడుతుంది. కాస్తే ఇది పోదు, ఇంకా పెరుగుతుంది. నైట్రేట్ ఎక్కువున్న బోరులో బ్యాక్టీరియా కూడా ఉంటే పక్కన సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూడండి.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి) లీటరుకు 500 మిల్లీగ్రాములు, సర్దుబాటు 2000. కాఠిన్యం 200, సర్దుబాటు 600. వీటితో రుచి పోతుంది, గీజరు పాడవుతుంది, అంతేగానీ పై మూడింటిలా భయపడాల్సినవి కావు. అయినా ఫిల్టర్లు అమ్మేవాళ్లు భయపెట్టేది వీటితోనే.

సీసం వంటి లోహాల పరీక్ష అందరికీ అక్కర్లేదు. బ్యాటరీలు కరిగించే చోటో ఫ్యాక్టరీ మురుగో దగ్గర్లో ఉంటే అడిగి చేయించండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ వాళ్లు రోగుల రక్తంలో సీసం, నికెల్ గుర్తించారు. మామూలు నీటి పరీక్షలో ఇలాంటివి బయటపడవు, విడిగా అడగాలి.

ఇంటికొచ్చి చూపించే పరీక్షలను నమ్మకండి

రెండు కడ్డీల పరికరాన్ని మీ కుళాయి నీళ్లలో ముంచి కరెంటు పెడితే నీళ్లు గోధుమ రంగుకు తిరిగి తెట్టు కడతాయి. వాళ్ల ఫిల్టరు నీళ్లు తేటగా ఉంటాయి. చూసినవాళ్ల గుండె జారిపోతుంది. ఆ రంగు నీళ్లలోది కాదు, కరెంటుకు కరిగిన ఇనుప కడ్డీది. లవణాలున్న ఏ నీళ్లయినా అలాగే మారతాయి. ఫిల్టరు నీళ్లలో లవణాలు లేక కరెంటు పారదు, అంతే. చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరూ అంతే: కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అంచనా చెబుతుంది. 150 చూపించే నీళ్లలో మలం కలిసి ఉండవచ్చు, 600 చూపించే నీళ్లు ఏ జబ్బూ తేకపోవచ్చు.

ఏ చెడుకు ఏ మందు

బ్యాక్టీరియా ఒక్కటే సమస్య అయితే కాచుకోవడం చాలు. కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి, అదే పాత్రలో చల్లారనివ్వండి. చెంబుతో ముంచకుండా పొడవు కాడ గరిటెతోనో, కుళాయి ఉన్న పాత్రలోంచో తీసుకోవాలి. కాచిన నీళ్లు చేతివేళ్లతో చెడిపోవడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి, కలిపి, అరగంట తర్వాత తాగండి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో అట్ట మీద ఉంటుంది. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చి, గుడ్డతో వడకట్టాలి. మడ్డి నీళ్లలో క్లోరిన్ పని చేయదు.

ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు మొదటి మందు నీళ్లు మార్చడమే. నదీ జలాలు పైపులో వస్తుంటే, తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే, క్లోరిన్ సరిగా ఉంటే, బోరు కంటే అవే మేలు. రుచి అలవాటు లేదని వాటిని బట్టలు ఉతకడానికి వాడి, బోరు నీళ్లు తాగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది మానాలి. వేరే నీళ్లు లేనప్పుడే ఆర్‌ఓ, అంటే నీళ్లను సన్నటి పొరగుండా ఒత్తి లవణాలను తీసేసే ఫిల్టరు. అది రెండింటినీ తగ్గిస్తుంది, కానీ ఇంటి యంత్రాల్లో లోపలికి పోయిన నీళ్లలో సగానికి పైగా వృథాగా బయటికి పోతాయి. ఆ నీళ్లు గిన్నెలకు, బాత్రూముకు పట్టుకోండి. లోపలి పొర పాతబడితే ఫ్లోరైడ్ జారిపోతుంది, నీళ్లు మాత్రం తేటగానే వస్తాయి. అందుకే ఏడాదికోసారి ఫిల్టరు నీళ్లలో కూడా ఫ్లోరైడ్ చూపించాలి. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వద్దని, దాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది. నది నీళ్లు వచ్చే ఇంట్లో ఆర్‌ఓ పెట్టడమంటే ఉన్న ఖనిజాలనూ నీళ్లనూ పారబోసుకోవడమే. పటిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. అయితే మోతాదు నీటిని బట్టి మారుతుంది కాబట్టి లెక్క చెప్పే మనిషి లేకుండా ఇంట్లో మొదలుపెట్టకండి.

టిన్ను కొనేవాళ్లు ప్లాంటుకు ఒకసారి వెళ్లి చూడండి. మీ టిన్నులు దేనితో కడుగుతున్నారు, పొర ఎప్పుడు మార్చారు, ఈ ఏడాది రిపోర్టు ఉందా అని అడగండి. వీధుల్లో తిరిగే చాలా టిన్నులకు సీలూ లేదు, ఆహార భద్రత లైసెన్సు సంఖ్యా లేదు. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ ఉండదు గనుక సరిగా కడగని టిన్నులో బ్యాక్టీరియా తొందరగా పెరుగుతుంది. ఎండలో పెట్టకండి, తెరిచాక రెండు మూడు రోజుల్లో వాడేయండి.

సంపు, ట్యాంకు కడగడం

ఆరు నెలలకోసారి, తప్పనిసరిగా వానాకాలం ముందు కడగండి. నీళ్లు తీసేసి, అడుగు మడ్డి ఎత్తిపోసి, గోడలు రుద్ది కడగండి. మళ్లీ నింపి, వెయ్యి లీటర్లకు 170 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ కలపండి. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. ఇంట్లోని కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, రాత్రంతా ఉంచి, పొద్దున ఆ నీళ్లన్నీ వదిలేయండి. వీటిని తాగకూడదు. మూత గాలి చొరబడేలా వదులైన బ్లీచింగ్ సంచి బలం పోయి ఉంటుంది, పాత సరుకు కొనకండి. బాత్రూము యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. మూసి ఉన్న సంపు మూత తీసి చాలాసేపు గాలాడనిచ్చాకే దిగాలి, పైన ఇంకొక మనిషి ఉండాలి. సంపు మూత నేలమట్టానికి అడుగైనా ఎత్తులో ఉందో లేదో చూడండి. వీధి నీళ్లు పారి వచ్చే సంపును ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు.

వీధిలో ఒకే వారం మూడు నాలుగిళ్లలో విరేచనాలు మొదలైతే

అప్పుడు రిపోర్టు కోసం ఆగొద్దు. వెంటనే కుళాయి నీళ్లు తాగడం ఆపి, అందరూ కాచుకుని తాగాలని ఇంటింటికీ చెప్పండి. ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు తెలపండి. రోగికి ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, నీళ్లు తాగలేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ ఇళ్లలో ఎవరికి ఏ తేదీన మొదలైందో ఒక కాగితం మీద రాసి, వీధి పటంలో గుర్తులు పెట్టి జతచేస్తే పైపు ఎక్కడ పగిలిందో ఇంజినీరుకు సగం తెలిసిపోతుంది. ఆ కాగితం కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. గత పన్నెండు నెలల్లో ఏ తేదీన, ఏ వీధి కుళాయి దగ్గర నీళ్లు పరీక్షించారో, క్లోరిన్, బ్యాక్టీరియా ఫలితాలేమిటో, ఓవర్‌హెడ్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు మీ దగ్గరున్న రిపోర్టుల కాపీలు వార్డు కౌన్సిలర్‌కు కూడా ఇవ్వండి.

పైపు బాగు చేశామని చెప్పాక లైను కడిగించి, క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేయించమని అడగండి. తర్వాత మళ్లీ అదే కుళాయి దగ్గర, లైనులో ఆఖరి ఇంటి దగ్గర కూడా శాంపిల్ పట్టించండి. ఈ.కోలి లేదని రిపోర్టు చేతికి వచ్చేదాకా కాచడం ఆపొద్దు.